బాబాయి చలి, ఆవుల ఎండ

మా బాబాయికి ఎప్పుడూ చలే. వీధివీధంతా ఫ్యాను కింద చేరి ఉసూరుమనే నెలలో కూడా ఆయన ముదురాకుపచ్చ స్వెట్టరు తొడుక్కుని, మంకీ క్యాపు మెడ దాకా లాక్కుని, ముక్కూ కళ్లూ మాత్రం లోకానికి వదిలి కూర్చునేవాడు. మా వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ దుప్పటాయన. చిన్నపిల్లలు మొహం మీదే అనేవాళ్లు, పెద్దవాళ్లు మర్యాద తెలిసినవాళ్లు కాబట్టి వెనకాల అనేవాళ్లు.

ఆయనకొక సిద్ధాంతం ఉండేది. మనిషి ఒంటికి ఎలా ఉంటే పశువు ఒంటికీ అలాగే ఉంటుందని. తనకు చలేస్తే ఆవుకూ చలి. తనకు హాయిగా ఉంటే ఆవుకూ హాయి. పాపం ఆవులకు ఉక్కపోస్తోందని ఎవరన్నా అంటే, "నాకు పొయ్యట్లేదే" అని అక్కడితో తేల్చేసేవాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. ఆ మూడు కాళ్ల కుందేలు వణుకుతోందని కూడా వాదించగలడు.

ఇంటి వెనక పద్నాలుగు సంకరజాతి ఆవులున్న రేకుల షెడ్డు మాది. ఒక పక్క టైర్లకు పంక్చర్లు వేసే కొట్టు, వెనక పక్క ఒక గోడౌను తాలూకు ఎత్తైన గోడ. ఆ గోడకూ మా షెడ్డుకూ మధ్య మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు. షెడ్డు మొత్తం బాబాయి చేతిపనే. స్తంభాలు ఆయన పాతాడు, కప్పు ఆయన వేశాడు, సందులోంచి చలిగాలి కొడుతోందని వెనక వైపు నేల నుంచి కప్పు దాకా రేకులు బిగించి మూసిందీ ఆయనే. ప్రతి ఆవునూ దూడగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని సీసాతో పాలు పట్టాడు. పేర్లు కూడా ఆయనే పెట్టాడు. దొరసాని, కలెక్టరు, గయ్యాళి, మూతిముడుపు, ఇలా. "వాటిలో సగం నన్ను తిట్టాలనుకుని తిట్టలేక వాటికి పెట్టిన పేర్లే" అనేది పిన్ని.

పిన్ని ఒంటిని నమ్మదు, గడియారాన్ని నమ్ముతుంది. రోజుకు మూడుసార్లు ఒక్కో ఆవు పక్కన నిలబడి, దాని డొక్క నిమిషానికి ఎన్నిసార్లు ఎగిరిపడుతోందో లెక్కపెట్టి, గోడ మీద పలకలో సుద్దతో రాస్తుంది. డొక్క ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. ముప్పై, నలభై అయితే ఆవు కులాసాగా ఉన్నట్టు. అరవై దాటిందంటే దానికి వేడెక్కుతోందని, ఫ్యానూ నీళ్లూ కావాలని. నూరు దాటితే పశువుల డాక్టరమ్మకు ఫోన్ చెయ్యాలి. ఒకసారి నేను యాభై ఎనిమిదిని అరవై అని రాస్తే, ఆ రెండు ఊపిర్లూ ఎవరివని సాయంత్రం దాకా నిలదీసింది.

నేనెవరినంటే, బాబాయికి అన్న కూతుర్ని. దొరసాని తల్లి పిన్ని పాదం మీద తీరిగ్గా నిలబడి రెండు వేళ్లు విరగ్గొట్టినప్పుడు, పది రోజులు సాయంగా ఉండమని మా నాన్న నన్నిక్కడ దింపాడు. ఆరేళ్లయింది. ఆ పది రోజులు ఇంకా పూర్తి కాలేదు. పాలు పితకడం, పేడ ఎత్తడం, మొగుడూ పెళ్లాల మధ్య మాటలు మోయడం నా ఉద్యోగం. మూడింట్లో పేడే నయం.

పోయినేడు చలికాలంలో పిన్ని వాళ్లక్కకు కంటి ఆపరేషన్ అయింది. పక్క ఊరే, బస్సులో గంట. పిన్నీ నేనూ నాలుగు రోజులు వెళ్లాం. షెడ్డు బాబాయికి అప్పజెప్పాం. ఆ ఏడు చలి పేరుకే వచ్చింది గానీ బాబాయికి పేరు చాలు. మేం బస్సెక్కిన గంటకే టైర్లాయన దగ్గర నాలుగు లారీ టార్పాలిన్లు అడిగి తెచ్చి, షెడ్డు చుట్టూ కట్టి, చీమ దూరే సందు లేకుండా తాళ్లు బిగించాడు. ఆవుల మీద అంత ప్రేమ. దుర్మార్గుడు చేస్తే ఆపొచ్చు గానీ, ప్రేమ ఉన్నవాడు చేసేదాన్ని ఎవరాపుతారు.

ఐదో రోజు పొద్దున మేం తిరిగొచ్చి టార్పాలిన్ ఎత్తేసరికి లోపలి నుంచి ఉచ్చ ఘాటు మొహాన కొట్టింది. నా కళ్ల వెంట నీళ్లు కారాయి. పద్నాలుగు ఆవులు నాలుగు రోజులపాటు వదిలిన ఊపిరంతా పైన రేకులకు పట్టి, చుక్కలు చుక్కలుగా వాటి వీపుల మీదే పడుతోంది. నేలంతా తడి. సగం ఆవులు దగ్గుతున్నాయి. దొరసాని ఈని ఇరవై రోజులే అయింది. దాని దూడ మూల తడిగడ్డి మీద మెడ చాపి పడుకుంది. పిన్ని సంచీ కూడా కింద పెట్టకుండా వంగి డొక్క లెక్కపెట్టింది. తొంభై నాలుగు.

"చూశావా, ఒక్కదానికీ చలి తగలనివ్వలేదు" అన్నాడు బాబాయి వెనక నుంచి. మెచ్చుకుంటారని నిలబడ్డాడు పాపం.

డాక్టరమ్మ వచ్చి మందులు వేసింది. పొట్టిగా ఉంటుంది, ఆవు కడుపులో భుజం దాకా చెయ్యి పెట్టి కూడా ఫోన్లో మాట్లాడగలదు. ఆమె టార్పాలిన్లు చూసింది, బాబాయి స్వెట్టరు చూసింది.

"చలి ఆవులకు కాదండీ, మీకు" అంది. "ఆవు పొట్టలో మేత పులుస్తున్నంతసేపూ అదొక పొయ్యి. మనం పళ్లు కొట్టుకునే చలిలో అది హాయిగా నెమరేసుకుంటుంది. దూడకు ఆ పొయ్యి ఇంకా రాజుకోదు, నిజమే. దానికి పొడిగడ్డి కావాలి, కింద నుంచి ఈదురుగాలి తగలకూడదు. అంతేగానీ పైన గాలి ఆడాలి. మీరు దాన్ని మూతపెట్టి ఉచ్చ ఆవిరిలో ఉడకబెట్టారు. ఊపిరితిత్తులు పాడయ్యాయి."

మూడో రోజు దూడ పోయింది.

పిన్ని అరుస్తుందని నేను చెవులు సిద్ధం చేసుకున్నాను. అరవలేదు. షెడ్డు గేటుకు కొత్త తాళం తెచ్చి వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది. "ఇక మీరు లోపలికి రావద్దు" అంది.

"ఎన్నాళ్లు?"

"మీ చలి పోయిన రోజున రండి."

బాబాయి వాదించలేదు. అది చూసి నాకు భయం వేసింది. ఎద్దు కూడా ఈనుతుందని వాదించగల మనిషి, తల వంచుకుని వెళ్లి ఒక ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని గేటు బయట వేసుకున్నాడు. మర్నాటి నుంచి అదే ఆయన చోటు. గేటు ఊచల్లోంచి ఆవుల్ని చూస్తూ కూర్చునేవాడు. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేవాడు, "ఇవాళ రానా?" అని. పిన్ని ఆయన స్వెట్టరు వైపు చూసేది. అదే జవాబు. పెంచిన చేతుల్ని వాటికి దూరంగా ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆయనకు ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. తెలిసి కూడా జోకులు వేశాను.

అయితే దొరసాని ఈ తీర్పును ఒప్పుకోలేదు. నేను పొదుగు కడిగి, నిమిరి, బతిమాలినా పాలు చేపేది కాదు. పొదుగులో పాలున్నా బిగబట్టి నావైపు అద్దె ఇంటి ఓనరులా చూసేది. బయట కుర్చీలోంచి బాబాయి ఒక దగ్గు దగ్గితే చాలు, చేపి వదిలేది. మూడు రోజులు చూసి పిన్ని రాజీకి వచ్చింది. పాలు పితికే వేళ బాబాయి గేటు దగ్గర కూర్చుని దొరసానితో కబుర్లు చెప్పాలి. గొంతుకు అనుమతి ఉంది, మనిషికి లేదు. ఆ గొంతు కూడా అప్పటికి రెండు మూడేళ్లుగా బొంగురుపోయి, ఖాళీ డబ్బాలో రాళ్లు దొర్లించినట్టుండేది. దొరసానికి అదే సంగీతం.

"ఏం దుప్పటిగారూ, మంచు పడుతోందా?" అని టైర్లాయన ఒక్కడూ మొహం మీదే రోజూ పలకరించేవాడు. "నీ కొట్లో పడట్లేదా?" అని బాబాయి నిదానంగా తిప్పికొట్టేవాడు. నిదానం అంటే మరీ నిదానం. ఆ మధ్య మాటా నడకా అన్నీ అలాగే అయ్యాయి. మొహం ఉబ్బింది. కుర్చీలోనే కునుకు తీసేవాడు. పని లేక ఒళ్లు పెరుగుతోందని మేం అనుకున్నాం. పెళ్లాం చేతిలో ఓడిన మగాడు అలాగే ఉంటాడని టైర్లాయన చెప్పాడు, తన అనుభవంలోంచి.

ఎండాకాలం వచ్చింది. పిన్ని యుద్ధానికి దిగింది. కప్పు మీద తెల్లసున్నం కొట్టించింది. మేత తెల్లవారుజామున ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి, మధ్యాహ్నం బంద్, ఎందుకంటే మేత అరిగేకొద్దీ లోపలి పొయ్యి మండుతుంది. తొట్టిలో నీళ్లు పూటపూటకూ మార్చడం. గంటకోసారి ఆవుల్ని చర్మం దాకా తడపడం, తడిపిన వెంటనే ఫ్యాన్లు. ఉత్తినే చిలకరించి వదిలేస్తే ఉక్క పెరుగుతుంది తప్ప చల్లబడవని డాక్టరమ్మ హెచ్చరించింది. వెనక రేకులు కూడా విప్పించమంది. బోల్టులు తుప్పుపట్టాయి, వెల్డరు రేపొస్తానన్నాడు. మూడు నెలలుగా అతనికి రేపు రాలేదు.

బాబాయి గేటు బయట ఎర్రటెండలో స్వెట్టరుతో కూర్చుని ఇదంతా చూసేవాడు. "స్నానాలు, ఫ్యాన్లు, వేళకు భోజనాలు. నాకీ భోగం పెళ్లయిన కొత్తలో కూడా లేదు" అని దొరసానితో చెప్పుకునేవాడు. కానీ ఒక సంగతి నేను కనిపెట్టాను. ఆయన తన చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకుని, ఊచల్లోంచి ఆవుల డొక్కలు లెక్కపెడుతున్నాడు. నేను చూస్తే ఈగలు తోలుతున్నట్టు చెయ్యి ఊపేవాడు.

ఆ రోజు ఫ్యాను మోటారు ఒకటి కాలిపోతే, బాగుచేయించడానికి పిన్ని బజారుకు వెళ్లింది. ఆమె వెళ్లిన అరగంటకు వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు పేలింది. మిగతా ఫ్యాన్లు ఆగిపోయాయి. పంపు ఆగిపోయింది. గాలి కూడా వీటితోపాటే సెలవు పెట్టింది. మధ్యాహ్నం రెండింటికి షెడ్డులో నిలబడితే నా జడ చివర నుంచి చెమట చుక్కలు పడ్డాయి.

ఆవులు పడుకోవడం మానేశాయి. వేడెక్కిన ఆవు పడుకోదు, నాలుగు వైపుల నుంచీ గాలి తగలాలని నిలబడే ఉంటుంది. గయ్యాళి డెబ్బై ఆరు. కలెక్టరు ఎనభై తొమ్మిది. దొరసాని నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, మెడ ముందుకు చాచి నిలబడింది. చొంగ తాడులా వేలాడుతోంది. నూట పన్నెండు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే గంట పడుతుందంది. నేను తొట్టిలో నీళ్లు బకెట్లతో తోడి అన్నిటి మీదా గుమ్మరించాను. పది నిమిషాలకు షెడ్డంతా ఆవిరి పట్టింది. వెనక రేకుల మూలంగా ఆ ఆవిరి కదలదు. ఆవులు ఇంకా రొప్పసాగాయి. నాకు ఏడుపొచ్చింది.

"ఎంత?" అని గేటు బయట నుంచి బాబాయి.

"నూట పన్నెండు."

"నూట పద్దెనిమిది. భయంలో లెక్క తప్పావు." ఆయన లేచి ఊచలు పట్టుకున్నాడు. "అమ్మడూ, తాళంచెవి ఎక్కడ?"

పిన్ని వెళ్తూ వెళ్తూ దాన్ని నాకిచ్చింది. నేను తియ్యాలా వద్దా అని నిలబడిపోయాను. పోయిన దూడ నా కళ్ల ముందే ఉంది. ఆయన మళ్లీ చలి అంటాడేమో, తడిపినవాటిని తుడవమంటాడేమో.

"నాకిప్పుడు కూడా చలిగానే ఉంది" అన్నాడు బాబాయి. "అందుకే చెప్తున్నా, నా ఒంటిని నమ్మకు. ఏం చెయ్యాలో నువ్వు చెప్పు, నేను చేస్తా."

ఆరేళ్లలో ఆయన నోట నేను ఇలాంటి మాట వినలేదు. తాళం తీశాను.

"గాలి కావాలి బాబాయ్. వెనక రేకులు."

ఆయన తను బిగించిన రేకుల వైపు ఒక్క చూపు చూసి, టైర్లాయన్ని కేకేశాడు. టైర్లాయన పెద్ద పానా, సుత్తి పట్టుకుని లుంగీ ఎగ్గట్టి వచ్చాడు. తిరిగే బోల్టుల్ని తిప్పారు, తిరగనివాటిని విరగ్గొట్టారు. మూడు నెలలుగా వెల్డరుకు కుదరని పని పావుగంటలో అయింది. ఒక్కో రేకూ పడుతుంటే సందులో గోడౌను నీడన దాక్కున్న గాలి ఒక్కసారిగా లోపలికొచ్చింది. చల్లగాలి అని కాదు, గాలి, అంతే. తడిసిన ఒళ్ల మీద అది చాలు.

తర్వాత ముప్పావుగంట ముగ్గురం నీళ్లు మోశాం. టైర్లాయన తన కొట్లో పంక్చర్లు చూసే తొట్టి కూడా ఖాళీ చేశాడు. బాబాయి దొరసాని మీద పోస్తాడు, ఆగుతాడు, గడియారం చూసుకుంటూ లెక్కపెడతాడు. "నూట ఆరు." మళ్లీ నీళ్లు. "తొంభై ఏడు." డాక్టరమ్మ స్కూటరు ఆగే సమయానికి ఎనభై ఒకటి.

ఆమె దొరసానికి థర్మామీటరు పెట్టి, సెలైను ఎక్కించి, వెనక వైపు కూలిన రేకుల్ని చూసి, "ఎవరికో బుద్ధొచ్చింది" అంది. ఆ తర్వాత బాబాయి వైపు తిరిగి, అలాగే చూస్తూ ఉండిపోయింది. టైర్లాయన చొక్కా పిండితే బకెట్ నిండేలా ఉంది. నేను అంతకన్నా ఘోరం. బాబాయి స్వెట్టరు మీద ఆవులకు పోసిన నీళ్లు తప్ప, నుదుటి మీద ఒక్క చెమట చుక్క లేదు.

"మీకు చెమట పట్టదా?"

"నాకా? ఏళ్లయింది. చలి కదా."

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. చర్మం గీరి చూసింది, రెప్పలు చూసింది, మెడ తడిమింది. గడియారం చూసుకుంటూ నాడి లెక్కపెట్టింది.

"జ్వరమేమో, థర్మామీటరు పెట్టి చూడరాదూ?" అన్నాడు టైర్లాయన.

"నా దగ్గరున్నది నోట్లో పెట్టేది కాదు" అంది డాక్టరమ్మ. "ఇందాక దొరసానికి ఎక్కడ పెట్టానో చూశారుగా."

బాబాయి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె చెయ్యి వదల్లేదు.

"నాడి నలభై ఎనిమిది. ఇంత ఎండలో, ఇన్ని బకెట్లు మోశాక. చూడండీ, మనుషులకు వైద్యం చెయ్యడానికి నాకు హక్కు లేదు. కానీ మా ఎద్దు ఒకటి ఇలా ఉబ్బి, చర్మం పొడిబారి, గొంతు బొంగురుపోయి, ఎండలో వణుకుతూ నిలబడితే ముందు రక్తం తీసి పరీక్షకు పంపుతాను."

పిన్ని అప్పుడే వచ్చింది. చేతిలో మోటారు. వెనక రేకులు లేవు, గేటు బార్లా తెరిచుంది, మొగుడు షెడ్డు నడిమధ్యలో ఉన్నాడు. నోరు తెరిచింది. "ఆవులు బాగానే ఉన్నాయి, ఈయన్ని తీసుకెళ్లి చూపించండి" అని డాక్టరమ్మ ఆ నోరు మూయించింది.

మనుషుల డాక్టరు రక్తం తీయించి, కాగితం చూసి చెప్పాడు. మెడలో థైరాయిడ్ గ్రంథి పని మానేసిందట. ఐదారేళ్లుగా కొద్దికొద్దిగా మానేస్తూ వచ్చిందట. ఒంట్లో మంట రాజేసేది అదే. అది ఆరిపోతే చలి, నీరసం, మొహం ఉబ్బడం, గొంతు మారడం, అన్నీ వస్తాయట. "ఇంత ముదిరేదాకా ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని అడిగాడు. రోజూ పరగడుపున ఒక చిన్న మాత్ర రాసిచ్చాడు.

ఇంటికొచ్చి పిన్ని షెడ్డు అరుగు మీద కూర్చుంది. "రోజుకు మూడుసార్లు పద్నాలుగు ఆవుల ఊపిరి లెక్కపెట్టాను" అంది. "ఈ మనిషి చెయ్యి ఒక్కసారి పట్టుకుని చూడలేదు. చలీ చలీ అంటుంటే నవ్వాను. పైగా బయట కూర్చోబెట్టాను." ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. నవ్వినవాళ్లలో ముందు వరుస నాదే. నాకు సిగ్గేసింది. బాబాయే వచ్చి, "ఏమే, నన్ను కూడా పలకలో రాసుకో, పదిహేనో పశువుగా" అన్నాడు. మర్నాడు పొద్దున గేటుకు తాళం లేదు.

మాత్రలు మెల్లిగా పనిచేశాయి. ముందు మొహం వాపు దిగింది. తర్వాత కునుకుపాట్లు తగ్గాయి. గొంతు బాగుపడింది, దాంతో ఒక చిక్కు వచ్చింది. దొరసాని ఈ కొత్త గొంతును గుర్తుపట్టక రెండు రోజులు పాలు చేపలేదు. ఆయన దగ్గరకెళ్లి మెడ గోకితే గానీ నమ్మలేదు. ఒకరోజు బాబాయి క్యాపు లేకుండా వీధిలోకి వెళ్తే, తలకాయ ఆకారం ఇలా ఉంటుందనుకోలేదని టైర్లాయన చెప్పాడు.

మళ్లీ చలికాలం వచ్చింది. కలెక్టరు ఈనింది, ఆడదూడ. దూడల మూల బాబాయి సొంతం చేసుకున్నాడు. మోకాలెత్తు వరకు మాత్రం గాలి తగలకుండా గోనెలు కట్టాడు, పైనంతా తెరిచి ఉంచాడు. రోజూ పొడిగడ్డి పరిచి, దాని మీద మోకాళ్లతో వంగి, ఇరవై దాకా లెక్కపెట్టి లేచి, ప్యాంటు తడిసిందేమో తడిమి చూసుకునేవాడు. మోకాలికి తడి తగిలితే ఆ గడ్డి దూడకు పనికిరాదని డాక్టరమ్మ నేర్పింది. అంత జాగ్రత్త ఆయనలో నేనెప్పుడూ చూడలేదు.

ఒక ఉదయం, ఎనిమిదో తొమ్మిదో అయింది. చలికాలమే, అందరం మామూలు బట్టల్లో ఉన్నాం. బాబాయి గడ్డి మోపులు మోసి, పరిచి, లేచి నుదురు తుడుచుకున్నాడు. అరచెయ్యి చూసుకున్నాడు. తడిగా ఉంది. ఆయనకు చెమట పట్టింది. నేను ఏదో జోకు వేయబోయాను. ఆయన మొహం చూసి ఆగిపోయాను.

ఆ చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని దూడ వైపు చూశాడు. పోయినేడు దొరసాని దూడ పోయింది కూడా ఇవే రోజుల్లో. ఆయన ఏం లెక్కవేసుకుంటున్నాడో నాకు అర్థమైంది.

"ఏమే" అన్నాడు పిన్నితో. "పోయినేడు మీరు ఊళ్లో లేని ఆ నాలుగు రోజులు, నిజంగా చలి ఉందా? లేక నాకేనా?"

పిన్ని కలెక్టరు పక్కన నిలబడి డొక్క లెక్కపెడుతోంది. మధ్యలో ఆపేసింది.

"ఉంది" అంది. "ఎముకలు కొరికే చలి. మా అక్క వాళ్లింట్లో కిటికీలన్నీ మూసుకుని పడుకున్నాం."

ఆ నాలుగు రోజులూ మేం కిటికీలు తెరుచుకుని, ఫ్యాను వేసుకుని పడుకున్నాం.

బాబాయి నా వైపు తిరిగాడు. ఆయన చలి మీద ఆరేళ్లుగా ఒక్క జోకు కూడా వదులుకోనిదాన్ని నేను. నేనైతే ఉన్నమాట చెప్తానని ఆయన నమ్మకం.

"రెండు దుప్పట్లు చాల్లేదు బాబాయ్" అన్నాను. "మూడోది అడిగి తెచ్చుకున్నా."

ఆయన తలూపి, వంగి మళ్లీ గడ్డి పరవడం మొదలుపెట్టాడు. పిన్ని గడియారం చూసుకుని, కలెక్టరు ఊపిరి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టింది.